గడియ వెయ్యకుండ్రి

"ఆ ఆఖరు ఐదు పుస్తకాలు రాసినాయన పేరేంది?"

గద్వాల గ్రంథాలయంలో వెనక వరుస నుంచి ఈ ప్రశ్న వచ్చేసరికి అరుణ్ మంచి ఊపు మీద ఉన్నాడు. వనపర్తిలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం అతని ఉద్యోగం. పాత కామిక్స్ చరిత్ర చెబుతూ యూట్యూబ్‌లో వీడియోలు పెట్టడం అతని పిచ్చి. ఆ రోజు బడి పిల్లలకు 'ఉక్కుదండు' కథ చెబుతున్నాడు.

ఉక్కుదండు అంటే ముందు బొమ్మలు. చేతులకూ కాళ్లకూ అయస్కాంతాలున్న విదేశీ రోబోలు. ఒకదాని చెయ్యి ఊడదీసి ఇంకోదానికి తగిలించొచ్చు. పిల్లలు ఒక్క బొమ్మ కొనుక్కుని ఊరుకుంటున్నారని కంపెనీవాళ్లు కామిక్స్ మొదలుపెట్టారు. పుస్తకానికో కొత్త రోబో. అది చదివిన పిల్లవాడు ఆ బొమ్మ కోసం ఇల్లు పీకి పందిరి వేయాలి, అదీ వాళ్ల ఎత్తు. ఇంగ్లీషు నుంచి హిందీకి, అక్కడి నుంచి తెలుగుకు వచ్చేసరికి బొమ్మల గిరాకీ పడిపోయింది. హైదరాబాద్‌లో తెలుగు పుస్తకాలు వేసే చిన్న ప్రెస్సులో అనువాదకుడు వేరే ఉద్యోగం చూసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన ఐదు పుస్తకాల్లో రోబోలన్నీ ఉన్నట్టుండి పాలమూరు మాట మాట్లాడాయి. అంతటితో ఉక్కుదండు ఆగిపోయింది.

అరుణ్ వీడియోల్లో జనం విరగబడి చూసింది ఆ ఐదింటి మీద చేసిందే. ఉక్కుకోట వదిలి యుద్ధానికి బయల్దేరుతూ నాయకుడు శరభుడు, "పోయొస్త. గడియ వెయ్యకుండ్రి," అంటాడు. "లేజర్ తలుపుల కోటకు గడియంట!" అని అరుణ్ పగలబడి నవ్వాడు. ఆ ముక్క మీద జిల్లాలో కుర్రాళ్లంతా రీల్స్ చేశారు.

"ఎవరికీ తెలియదండి. పుస్తకంలో పేరు వేయలేదు," అన్నాడు అరుణ్.

"నాకు తెల్సు. ఇస్రాయేలు. మా నాయన."

పిల్లలు నవ్వారు. వెనక వరుసలో లేచి నిలబడ్డ అమ్మాయి నవ్వలేదు.

బయట వాన పట్టుకుంది. గొడుగు లేని ఇద్దరూ వరండాలోనే చిక్కుకుపోయారు. ఆమె పేరు రేఖ. గద్వాల దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్.

"కోపంగా ఉన్నట్టున్నారు," అన్నాడు అరుణ్.

"లే. పండుగ చేస్కుంటున్న."

"ఆ వీడియో ఇప్పుడే తీసేస్తాను."

"తీసేస్తె? నవ్వినోళ్ల నవ్వు వాపసొస్తదా?" రేఖ వానలోకి చూస్తూ చెప్పింది. "మా నాయన ఆ ప్రెస్సుల బొమ్మల నోటికాడి బెలూన్లల్ల అక్షరాలు రాస్తుండె. రాసే సారు వొయినంక, 'ఏదో ఒకటి నువ్వే రాయి' అన్నడు ఓనరు. రాసిండు. నీ వీడియో ఎవరో మా నాయనకే పంపిండ్రు. మొత్తం చూసిండు. తెల్లారినంక మా అమ్మని అడిగిండు, 'అల్పాహారము సిద్ధమైనదా' అని."

అరుణ్‌కు నవ్వు తన్నుకొచ్చింది. ఆమె కళ్లు చూసి ఆపుకున్నాడు.

"మేం గూడ నవ్వినం. కని రెండు నెలల సంది గట్లనే మాట్లాడుతుండు. తొక్కు నూరి పెడితె 'రుచికరముగా నున్నది' అంటడు. మా ఇంట్ల ఎవరో సారు కిరాయికి దిగినట్టున్నది. నాకు మా నాయన కావాలె."

"నేనేం చేయగలను?"

"నాకు తెల్వదు. పోగొట్టింది నువ్వు."

ఆ ఆదివారమే అరుణ్ గద్వాల బస్సెక్కాడు. ఇస్రాయేలు అప్పుడే చర్చి నుంచి వచ్చి తెల్లచొక్కాలో కూర్చుని ఉన్నాడు. పత్తివిత్తనాల కంపెనీలకు గోడరాతలు రాసి రాసి కుడిచేతి గోళ్లలో నీలం రంగు ఇంకిపోయింది.

"నమస్కారము. ఆసీనులు కండి. మార్గమధ్యమున ఇబ్బంది కలుగలేదు కదా?"

గుమ్మంలో నిలబడ్డ భార్య సత్యమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"సార్, నన్ను క్షమించండి," అన్నాడు అరుణ్.

"క్షమాపణ ఎందులకు? మీరు పలికినది సత్యమే. నాకు భాష రాదు. ఇప్పుడు నేర్చుకొనుచున్నాను."

తిట్టినా బాగుండేదనిపించింది అరుణ్‌కు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చాడు. ఆ పై ఆదివారమూ వచ్చాడు. పాత పుస్తకాలు తెచ్చి ముందు పెట్టేవాడు, ఇస్రాయేలు వాటిని ముట్టుకునేవాడు కాదు. తిరుగు బస్సు దాకా రేఖ తోడు వచ్చేది. ఒకసారి బస్టాండులో ఉండగా ఫోన్ మోగింది. అరుణ్ పక్కకు జరిగి గొంతు తగ్గించాడు.

"ఆఁ అవ్వా, తిన్ననే. వస్త, పొద్దుగూకేవరకు వస్త. నువ్వు పరేషాన్ గాకు."

వెనక్కి తిరిగితే రేఖ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

"ఓహో! నీకు గూడ మాటొస్తదే! మరెందుకు దాసిపెట్టుకున్నవ్?"

"మా సాయమ్మవ్వ. ఆమెతోనే అట్లా... వీడియోల్లో అట్లా మాట్లాడితే నవ్వుతారని."

"అంటె నీకు గూడ భయమే. మా నాయన లెక్కనే." ఆమె గొంతు మెత్తబడింది. "నాకాడ దాయకు."

ఆ రోజు నుంచి దాయలేదు. వారమంతా ఫోన్లో మాట్లాడుకున్నా ఆదివారానికి ఇంకా మాటలు మిగిలేవి. మళ్లీ వాన పడిన సాయంత్రం, ఒకే గొడుగు కింద, అరుణ్ ధైర్యం చేశాడు.

"రేఖా, నీకొక మాట చెప్పాలె."

"వొద్దు." ఆమె చూపు దించుకుంది. "ఏం చెప్తవో నాకు తెల్సు. నాకు గూడ వినాలనే ఉన్నది. కని మా నాయన నోట్ల మా మాట మల్లొచ్చేదాక చెప్పకు. మా ఇంట్ల గంత దుఃఖం పెట్టుకుని నేను సంబరపడలేను."

"అప్పటిదాక?"

"అప్పటిదాక బస్సెక్కు."

అరుణ్ బస్సెక్కాడు. ఒకవేళ ఆ మాట ఎప్పటికీ తిరిగి రాకపోతే ఏమిటని దారంతా భయపడ్డాడు. వనపర్తిలో దిగేటప్పటికి ఒక నిర్ణయానికి వచ్చాడు.

మరుసటి ఆదివారం ఇస్రాయేలు ఇంట్లోనే ఫోన్ స్టాండు పెట్టాడు. ఆ ఐదు పుస్తకాలూ మళ్లీ చదువుతానన్నాడు, ఈసారి నవ్వకుండా.

"మీ ఇష్టము," అని ఇస్రాయేలు గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"నా పేరు అరుణ్. మాది నాగర్‌కర్నూల్ దిక్కు," అని మొదలుపెట్టాడు. వీడియోలో తన మాట తను మాట్లాడటం అదే మొదలు. ఉక్కుకోట బొమ్మ ఉన్న పేజీ వచ్చింది. శరభుడు వీరుడు కదా అని, అరుణ్ రొమ్ము విరిచి గట్టిగా కేక వేశాడు. "పోయొస్త! గడియ వెయ్యకుండ్రి!"

"గట్ల గాదు పిలగా!"

వంటింట్లో సత్యమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఇస్రాయేలు ఇటు తిరిగి ఉన్నాడు.

"గంత ఒర్రుతరా? మెల్లగ అనాలె. పిల్లలు పండుకున్నరు."

"ఏ పిల్లలు నాయనా?" రేఖ దగ్గరికొచ్చి నేల మీద కూర్చుంది. "ఆ బొమ్మల పిల్లలు లేరు గద."

"నేను. మా చెల్లె." ఇస్రాయేలు నీలం గోళ్లను చూసుకుంటున్నాడు. "మా నాయన డ్యాం పనికి వొయిండు, ఇంక తెల్లారకముందు. వాకిట్ల నిలవడి మా అమ్మకు మెల్లగ చెప్పిండు గా మాట. నేను మెల్కతోనే ఉన్న. లేస్తె ఏడుస్తనని కండ్లు మూస్కున్న. మల్ల రాలే. మా అమ్మ బతికినన్నొద్దులు ఆ తలుపుకు గడియ వెయ్యలే. శరభుడు పోతుంటె నాకు వేరే మాట రాలే బిడ్డా."

రేఖ తండ్రి మోకాలికి తల ఆనించి ఏడ్చింది. అరుణ్‌కూ కన్నీళ్లు ఆగలేదు. ఒక మనిషి కడసారి మాటను చూపి తను ఊరందర్నీ నవ్వించాడు.

"మామా, నేను నవ్విన," అన్నాడు. అన్ని ఆదివారాల్లో 'సార్' తప్ప వేరే పిలుపు రానివాడు.

"నీకు తెల్వదు గద. సదువు మల్ల. మెల్లగ."

మెల్లగా చదివాడు. పొద్దు వాలేదాకా చదివాడు. వీడియో మొదట్లో వేయడానికి ఇస్రాయేలు తన పేరు తానే బ్రష్షుతో రాసిచ్చాడు. ఎన్నో పేర్లు రాసిన చెయ్యి, సొంత పేరు దగ్గర కాసేపు తటపటాయించింది.

బస్సు వేళయింది. అరుణ్ వాకిట్లో చెప్పులేసుకుంటూ రేఖ వైపు చూశాడు.

"ఇప్పుడు చెప్పొచ్చా?"

"నాకు గాదు. నాయనకు చెప్పు."

అరుణ్ ఇస్రాయేలు ముందు నిలబడ్డాడు. "మామా, రేఖంటె నాకు ప్రాణం. మీరు సరేనంటె మా అవ్వను తోల్కొని వస్త."

ఇస్రాయేలు కూతుర్ని చూశాడు. "నువ్వేమంటవ్ బిడ్డా?"

"నేను ఎప్పుడో అన్న నాయనా. నీ మాట కోసమే ఆగినం."

ఆయన లేచి తలుపు దగ్గరికి నడిచాడు. బస్సు వేళ మించుతుంటే, "పోయొస్త," అన్నాడు అరుణ్ మెల్లగా.

"మా నాయన గూడ గట్లనే అన్నడు. నువ్వు వస్తవు గద?"

"వస్త మామా."

ఇస్రాయేలు తలుపు రెక్క మీద చెయ్యి వేసి, దాన్ని బార్లా తెరిచాడు.

"అయితె పో. గడియ వెయ్యం."