తెల్ల ఫిల్ము

1995 అక్టోబర్ 24. సూర్యగ్రహణం విడిచి గంట కూడా కాలేదు. ఎల్లారెడ్డిలో మరియ ఇంట్లో ఎక్స్‌రే పోయింది.

కానిస్టేబుల్ నవ్వాడు. ఎస్సై అబ్బాస్‌కు మాత్రం నవ్వు రాలేదు.

అది మామూలు ఎక్స్‌రే అయితే కదా! బొగ్గుగని పక్క బస్తీలో పదిహేనేళ్లు బతికిన మరియ ఊపిరితిత్తులది. ఆమె ఏనాడూ గనిలోకి దిగలేదు. గని దుమ్ముతో జబ్బుపడ్డ చుట్టుపక్కల జనానికీ ఉచిత వైద్యం ఇవ్వాలని కొత్త చట్టం రాస్తున్నారు. కార్మికులకిస్తే చాలదా అని గనివాళ్ల వాదన. రేపు కామారెడ్డిలో కమిటీ ముందు మరియ ఆ ఫిల్ము చూపించాలి. లేకపోతే ఆమె మాట నమ్మే నాథుడు లేడు.

మరియ పక్కన భర్త అబ్రాహాము, నడుము విరిగి గని పని మానుకుని, సంసారంతో ఎల్లారెడ్డి చేరినవాడు. వాకిట్లో గని ఏజెంటు సీతారాం. నిన్న ఈ ఇంటికొచ్చి ఇంకా ఊళ్లోనే ఉన్నాడని తెలిసి అబ్బాసే పిలిపించాడు.

"నిన్న ఎందుకొచ్చినవ్ సీతారాం?"

"పలకరిద్దామని సార్. గడప కూడ దాటలే."

"నిజమే సారు," అంది మరియ దగ్గుతూ. "అరుగు మీదనే చాయ్ తాగి పోయిండు."

"పొద్దుగాల ఇంట్ల ఎవరున్నరు?"

"నేను నీళ్లకు బోరింగు కాడికి పోయిన. ఈయనొక్కడే ఉండె."

అబ్రాహాము వెంటనే అందుకున్నాడు. "నేను తానం చేస్తుంటే గల్లీ పిలగాండ్లు జొచ్చిండ్రు సారూ. గ్రహణం చూసేటందుకు పట్కపోయి ఉంటరు."

జవాబు ముందే వండి పెట్టుకున్నట్టుంది! అబ్బాస్ ఎక్స్‌రే దాచిన కవరు తీసుకుని దులిపాడు. ఇంకో ఫిల్ము జారిపడింది.

"ఇదెవరిది?"

"మా కొడుకు ఏసయ్యది. కాలు విరిగినప్పటిది."

అబ్బాస్ దాన్ని ఎండకు పట్టాడు. చిక్కటి నలుపు, నడుమ సన్నటి ఎముక.

"నీది ఎట్లుండెనమ్మా?"

"తెల్ల తెల్లగ, సారు. ముగ్గు చల్లినట్టు."

అబ్బాస్ అబ్రాహాము వైపు తిరిగాడు.

"గ్రహణం చూసే పిలగాండ్లు నల్లదాన్ని ఇడిసిపెట్టి తెల్లదాన్ని పట్కపోతరా? కండ్లు పోవా? తీసినోనికి ఏది ఎవలదో ఎరుకే. ఇంట్ల ఉన్నది నువ్వొక్కనివే. ఫిల్మేది?"

అబ్రాహాము కూలబడ్డాడు.

"పొయ్యిల పెట్టిన సారూ. ఏసయ్యకు నా నౌకరి రావాలంటే ఆ ఫిల్మును కమిటీకి పోనియ్యొద్దన్నడు సీతారాం."

సీతారాం చెప్పులు వెతుక్కుంటున్నాడు. కానిస్టేబుల్ అతని భుజం పట్టుకున్నాడు.

దొంగ దొరికాడు సరే, సాక్ష్యం బూడిదైంది.

మరియ కొంగు బిగించింది. "కామారెడ్డి బస్సు ఎన్నిటికి సారు?"

"పోయి ఏం చూపిస్తవమ్మా?"

"గాడ డాక్టర్లు ఉంటరు గదా? మల్ల తియ్యమంట. ఫిల్ము కాలింది గని, ఊపిరితిత్తులు నా తాననే ఉన్నయి."

భర్త ముందు నిలబడింది.

"లే. నువ్వు గూడ నడువు. అది ఎవలు కాలబెట్టమన్నరో కమిటీకి నువ్వే చెప్పాలె."

అబ్రాహాము తలెత్తాడు. "ఏసయ్య నౌకరి?"

"ఆ దుమ్ములకు నా కొడుకును తోలను."

అబ్రాహాము గోడ పట్టుకుని మెల్లగా లేచాడు.