అటు ఫోను, ఇటు ఫోను

"ఆ కస్టమర్ నా కౌంటర్‌కి వస్తున్నారండీ."

"కాళ్లు మీ వైపు వస్తున్నాయి మేడమ్. కళ్లు మాత్రం మా వైపే ఉన్నాయి."

అంటూనే ఎదురు కౌంటర్ అబ్బాయి ఆ పెద్దమనిషి చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టి మరీ తన వైపు తిప్పేసుకున్నాడు. ఆమె నోరు తెరిచేలోగా ఫోను చూపించడం, ఒక ఫొటో తీయించడం, బిల్లు కొట్టించడం అన్నీ అయిపోయాయి. ఉద్యోగంలో అది ఆమెకు మొదటి రోజు. బోణీ బేరాన్నే తన్నుకుపోయినవాడి మొహం ఎవరికైనా అంత తొందరగా మరపురాదు.

అది పెద్ద షోరూము. కింద ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు. పై అంతస్తులో ఫోన్లు. లోకంలో ఎన్ని రకాల ఫోన్లున్నా ఆ అంతస్తులో మాత్రం రెండే జట్లు. ఆమె నిలబడే కౌంటర్లో ఒక రకం, నడవకి అవతల అతను నిలబడే కౌంటర్లో దానికి బద్ధశత్రువైన రకం. స్టాఫ్ వాటిని పేర్లతో పిలవడం ఎప్పుడో మానేశారు. ఇటు, అటు. అంతే. "ఇవాళ ఇటు ఎన్ని, అటు ఎన్ని?" అని ఫ్లోర్ మేనేజర్ అడుగుతాడు. ఆమె ఇటు. అతను అటు.

ఆ అంతస్తులో కూర్చోవడం అనేది లేదు. సేల్స్ మనిషి కూర్చుంటే కస్టమర్‌కి ఆవలింత వస్తుందని మేనేజర్ సిద్ధాంతం. షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా నిలబడాలి. నిలబడి నవ్వాలి. సాయంత్రానికి కాళ్లు ఎక్కువ నొప్పో బుగ్గలు ఎక్కువ నొప్పో ఆమెకే తెలిసేది కాదు. ఇంటికెళ్లి వేణ్నీళ్లలో పాదాలు పెడితే వాళ్లమ్మ రోజూ ఒకే మాట అనేది. "ఫోనులు అమ్మడానికి వెళ్తున్నావా, కాపలా కాయడానికి వెళ్తున్నావా? కూర్చోమనేవాళ్లే లేరటే అక్కడ?"

ఒక్క చోట తప్ప, లేరు.

కస్టమర్ ఎవరైనా అటు ఫోను వదిలేసి ఇటు ఫోను కొన్నాడనుకోండి. లేదా ఇటు వదిలి అటు. పాత ఫోనులో ఉన్న ఫొటోలు, నంబర్లు, కబుర్లు, కొట్లాటలు అన్నీ కొత్తదాంట్లోకి చేర్చాలి. ఒక కంపెనీలో ఉన్నవి ఇంకో కంపెనీలోకి వెళ్లడమంటే ఒక్కోసారి గంట పైనే పడుతుంది. పాతదాని మర్మం తెలిసినవాళ్లొకరు, కొత్తదాని మర్మం తెలిసినవాళ్లొకరు దగ్గరుండాలి. కస్టమర్ తన బతుకంతా అక్కడ పెట్టి టీకి వెళ్తాడు కాబట్టి, ఎంతవరకు చేరిందో చూపించే తెర మీది గీత నిండేదాకా ఇద్దరిలో ఎవరూ లేవకూడదని రూలు. అందుకోసం మూల కిటికీ పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు వేశారు. ఇల్లు మారినట్టే కదా అని స్టాఫ్ దాన్ని సామాన్ల బల్ల అనేవారు.

మొదటిసారి ఆ బల్ల దగ్గర ఇద్దరూ కూర్చున్నప్పుడు ఆమె కిటికీ బయటికి చూసింది. వాన పడుతోంది. రోడ్డు మీద జనం గొడుగులతో కుస్తీ పడుతున్నారు. బల్ల కింద ఆమె మెల్లిగా చెప్పు విప్పి మడమ నేలకి ఆనించింది. ప్రాణం లేచొచ్చింది.

"మడమ నొప్పా?"

"మీకెందుకండీ?"

"ఊరికే. నాది నడుము. ఒకదాన్నొకటి పరిచయం చేసుకుంటాయేమోనని."

నవ్వకూడదనుకుంది. బోణీ బేరం గుర్తు తెచ్చుకుంది. అయినా నవ్వొచ్చేసింది. కౌంటర్ దగ్గర అమ్మే నవ్వు కాదు అది, అందుకే బుగ్గలు నొప్పి పుట్టలేదు.

"ఈ గీత చూడండి, ఎంత నెమ్మదిగా పాకుతోందో," అంది మాట మార్చడానికి.

"పాకనివ్వండి. మీకేమన్నా రైలుందా?"

రైలేం లేదు. ఉన్నదల్లా మళ్లీ నిలబడటమే. ఆ రోజు గీత నిండినప్పుడు ఆమెకి నిజంగానే బాధ వేసింది.

ఆ తర్వాత చాలాసార్లు కూర్చున్నారు. అతనికి వాళ్ల అన్నయ్య పిల్ల అంటే పిచ్చి ఇష్టమని, ఈ ఉద్యోగానికి ముందు బస్సు టికెట్లు బుక్ చేసే ఆఫీసులో చేశాడని, అక్కడ మాత్రం కూర్చుని కూర్చునే నడుము పాడైందని తెలిసింది. "అప్పుడు కూర్చోలేక, ఇప్పుడు నిల్చోలేక. పడుకుని చేసే ఉద్యోగం ఉంటే చెప్పండి," అనేవాడు. ఆమె తన సంగతులు కూడా చెప్పింది. నాన్న పోయాక ఇంటి బరువు తన మీద పడిందని మాత్రం చాలా రోజులకి గాని చెప్పలేదు. చెప్పినరోజు అతను జోకు వెయ్యలేదు. గీత నిండాక కూడా కాసేపు ఫోను తిప్పి తిప్పి చూస్తూ, అంతా వచ్చిందో లేదో సరి చూస్తున్నట్టు నటించాడు. ఇంకాసేపు కూర్చోనిచ్చాడని ఆమెకి అర్థమైంది.

ఒక మధ్యాహ్నం రిటైరైన టీచరమ్మగారొకావిడ వచ్చింది. ఎప్పటినుంచో ఇటు ఫోనే వాడుతోందట. కూతురు, అల్లుడు, మనవడు అందరివీ అటు ఫోన్లట.

"వాళ్లు ముగ్గురూ ఫోటోలు పంపించుకుంటారమ్మా. నాకు మాత్రం 'అమ్మా, నీకు సరిగ్గా రావులే' అంటారు. మారాలా వద్దా? పాతదేమో చేతికి అలవాటు. కొత్తది నేర్చుకునే వయసా ఇది?"

ఆమె ఉద్యోగం ప్రకారం "అస్సలు వద్దండీ, మా కొత్త మోడల్ చూడండి" అనాలి. ఆ రోజు పిక్కలు పట్టేసి ఉన్నాయి. నడవకి అవతల అతను గోడకి భుజం ఆనించి, మేనేజర్ ఇటు తిరగ్గానే నిటారుగా అవుతున్నాడు.

"అటు వెళ్లండి టీచరుగారూ," అంది. "పిల్లలు ఎటుంటే అటే బావుంటుంది. అక్కడ ఆయన ఓపిగ్గా నేర్పుతారు."

ఆ రోజు ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. టీచరమ్మగారి ఫొటోలు లెక్కలేనన్ని. కాళ్ల నొప్పి వల్లే అలా చేశానని ఆమె తనకి తాను సర్దిచెప్పుకుంది.

ఆ నెలలో అటు నుంచి ఇటు మారినవాళ్లు కుప్పలు తెప్పలు. ఆమె అమ్మకాలు చూసి తోటివాళ్లు కుళ్లుకున్నారు. ఇన్నాళ్లకి పని చేతికొచ్చిందని ఇంట్లో గొప్పగా చెప్పుకుంది. సరిగ్గా అప్పుడే ఫ్లోర్ మేనేజర్ అద్దాల గదిలోకి పిలిచాడు.

"బాగా అమ్ముతున్నావమ్మా. మరీ బాగా అమ్ముతున్నావు," అన్నాడు. "అటు కంపెనీవాళ్లు గోల పెడుతున్నారు. మా కౌంటర్లో మనిషే మా కస్టమర్లని ఎదురు కౌంటర్‌కి తోలుతున్నాడంటున్నారు. నిజం చెప్పు. అతనికి నువ్వేమన్నా ముట్టజెబుతున్నావా?"

"ఛ, అదేం మాట సార్!"

"నీ సంగతి సరే. అతను మాత్రం రేపటికల్లా సరైన జవాబు చెప్పకపోతే ఇంటికి పోవాల్సిందే. ఒకప్పుడు ఈ ఫ్లోర్ మీద అంత అమ్మినవాడు లేడు. ఏం రోగం వచ్చిందో."

బయటికొచ్చి కవర్ల స్టాండు వెనక నిలబడి చెవి ఒగ్గింది. అతను ఒక కుర్రాడితో మాట్లాడుతున్నాడు.

"మీ ఇంట్లో అందరివీ ఇటు... అదే, ఆ ఎదురు కౌంటర్ ఫోన్లేనంటున్నారు. ఆఫీసులోనూ అవే. మరి మీరొక్కరే ఇక్కడ ఏకాకిలా ఎందుకండీ? అటు వెళ్లండి. అక్కడ మేడమ్ బాగా చెప్తారు."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కుర్రాడు ఆమె దగ్గరే కొన్నాడు. సామాన్ల బల్ల దగ్గర అతను కుర్చీ లాగి కూర్చున్నాడు. ఆమె కూర్చోలేదు.

"కూర్చోండి."

"నాకు నిలబడటం అలవాటేనండీ. మీ జాలి అక్కర్లేదు."

"జాలేంటి?"

"ఇన్నాళ్లూ నేనే అమ్ముతున్నాననుకున్నాను. ఇంట్లో చెప్పుకుని మురిసిపోయాను కూడా. మీరు దానం చేస్తే తెచ్చుకుంటున్నానన్నమాట."

అతని మొహం వాడిపోయింది. "నేను పంపినవాళ్లు మీ కౌంటర్ దాకానే వచ్చారు. కొనిపించింది మీరు. ఇంకో సంగతి. ఎవర్నీ మోసం చేసి పంపలేదు. ఇదివరకు వెళ్లాల్సినవాళ్లని కూడా మాయమాటలు చెప్పి ఆపేవాణ్ని. మీ మొదటి రోజు చేసింది అదే. ఇప్పుడు ఆపడం మానేశాను. అంతే."

"ఎందుకు మానేశారు?"

"ఆ టీచరమ్మగారిని మీరెందుకు పంపారు?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఇవాళ వాన కూడా లేదు, చూడ్డానికి ఏదో ఒకటి ఉండటానికి. "మీ ఉద్యోగం పోతుందట," అంది.

"తెలుసు."

"తెలిసీ ఇవాళ కూడా పంపారా?"

"ఇవాళ పంపకపోతే రేపు కూర్చుంటామో లేదో అని," అన్నాడు, నవ్వడానికి ప్రయత్నించి కుదరక.

ఆమె ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. ఒళ్లంతా అలసట, కళ్లు మాత్రం మూతపడవు. అతను లేని నడవ తలుచుకుంటే భయం వేసింది. ఎదురుగా ఒక మనిషి నిలబడి ఉన్నాడన్న ధీమాతోనే తను ఇన్నాళ్లు నిలబడగలిగిందని అప్పుడు తెలిసింది.

మర్నాడు అద్దాల గదిలోకి ఇద్దర్నీ పిలిచారు.

"చెప్పు," అన్నాడు మేనేజర్ అతనితో.

"చెప్పేదేం లేదు సార్. ఇదివరకట్లా అమ్మడం చేతకావట్లేదు. మేడమ్‌కి దీంతో ఏ సంబంధం లేదు."

"చేతకానివాడికి ఇక్కడ పనేముంది?"

అతను తల వంచుకున్నాడు. ఆమె ఆ వంచిన తల చూసింది. తన బోణీ బేరాన్ని కళ్ల ముందే ఎగరేసుకుపోయినవాడు తనకి చేతకాదని ఒప్పుకుంటున్నాడు. ఇంక ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

"అబద్ధం సార్," అంది. "ఆయనకి చేతకాకపోవడమేంటి? ఈ ఫ్లోర్ మీద కూర్చోవడానికి మాకు ఒక్కటే చోటు సార్, ఆ సామాన్ల బల్ల. ఎవరైనా అటు నుంచి ఇటో, ఇటు నుంచి అటో మారితేనే కూర్చోగలం. అందుకని ఆయన నా దగ్గరికి పంపారు. నేనూ పంపాను. ఆ టీచరమ్మగారిని పంపింది నేనే. మొదట కాళ్ల కోసం అనుకున్నాను."

"తర్వాత?"

"తర్వాత ఆయన కోసం సార్."

అతను చటుక్కున తలెత్తాడు. ఆమె అతని వైపు చూడలేదు, చూస్తే మిగతా మాట రాదని. "ఆయనతో కూర్చుంటే అలసట తీరుతుంది. ఇంట్లో వేణ్నీళ్లతో కూడా అంత తీరదు. ఇందులో ముట్టజెప్పడాలేం లేవు. పంపిస్తే ఇద్దర్నీ పంపించండి."

మేనేజర్ తను కూర్చున్న కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. ఒకసారి ఆమెని, ఒకసారి అతన్ని, ఒకసారి వాళ్ల కాళ్లని చూశాడు.

"పెళ్లికి పిలుస్తారా, పిలిచి నన్ను కూడా నిలబెడతారా?" అన్నాడు చివరికి. నవ్వలేదు గాని గొంతు మెత్తబడింది. "ఎదురెదురుగా మాత్రం ఇంక కుదరదు. కంపెనీవాళ్లు ఒప్పుకోరు." అతని వైపు తిరిగాడు. "రేపట్నుంచి నువ్వు కింద వాషింగ్ మెషీన్ల దగ్గర. వాటికి అటూ ఇటూ లేవు. ఎవర్ని ఎటు తోలతావో నేనూ చూస్తాను. పొండి."

ఉద్యోగం దక్కింది. ఎదురు కౌంటర్ దక్కలేదు. రేపట్నుంచి నడవకి అవతల ఇంకెవరో నిలబడి నవ్వుతుంటారు. బస్ స్టాప్‌లో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. సన్నగా తుంపర మొదలైంది. ఇద్దరికీ గొడుగు తెరిచే ఓపిక లేదు.

"మేనేజర్ ముందు అలా చెప్పేశారేంటండీ?" అన్నాడు అతను. "నేను నెలల తరబడి రిహార్సల్ వేసుకుంటున్నాను. నా చాన్సు పోయింది."

"మీరు నా బోణీ లాక్కున్నారు. చెల్లుకి చెల్లు." ఆమె నవ్వింది. వెంటనే అలసటగా నిట్టూర్చింది. "ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో అందరివీ అటు ఫోన్లే కదా?"

"అమ్మ, అన్నయ్య, వదిన. అందరివీ. ఏం?"

"మా ఇంట్లో ఇటు. మా అమ్మకి మెసేజ్ పెట్టడం ఇప్పుడిప్పుడే వచ్చింది."

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. జేబులోంచి ఫోను తీసి, దాన్ని కొంచెం బెంగగా చూసుకున్నాడు. "సరే. నేను మారిపోతాను. మీ అమ్మగారికి ఇబ్బంది లేకుండా."

"వద్దు," అంది ఆమె.

"అదేంటి?"

"పొద్దస్తమానం మనుషుల్ని అటు ఇటు మార్చి మార్చి విసిగిపోయానండీ. ఇంటికెళ్లాక కూడా ఇంకొకర్ని మార్చే ఓపిక నాకు లేదు. మీరు ఎలా ఉన్నారో అలాగే రండి."

"ఎక్కడికి?"

"గురువారం నాకు సెలవు. మా ఇంటికి."

అతని మొహంలో తుంపర, నవ్వు కలిసిపోయాయి. "మీ అమ్మగారికి నేనెవరని చెప్తారు?"

దూరంగా బస్సు మలుపు తిరిగింది. ఆమె పర్సు భుజానికి సర్దుకుంది.

"అటువైపు అబ్బాయని చెప్తాను," అంది. "అటే ఉంటాడని, అయినా నాకు ఇష్టమని చెప్తాను."