హెలెన్‌కి అందని మాట

పొద్దున ఏడు కాకముందే తెరేసమ్మ వంటింట్లో కూర్చుని దానిమ్మ గింజలు ఒలుస్తోంది. చిన్నకోడలు శాలిని కడుపుతో ఉంది, తొమ్మిదో వారం. మంచం దిగేలోపే ఆమె చేతికి రసం గ్లాసు అందాలి. పక్కనే చట్నీకి తాలింపు వేస్తున్న పెద్దకోడలు హెలెన్‌కి గిన్నెలో గింజ పడినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది.

“హెలెనూ, ఘాటు దాని గదిలోకి పోతోంది. ఆ తలుపెయ్యి.”

నాకప్పుడు ఏ తలుపు వేశారండీ అన్న మాట నోటిదాకా వచ్చింది. హెలెన్ దాన్ని మింగేసింది. తోడికోడల్ని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోందని ఎవరైనా అంటే ఆమె కాదనలేదు. నిజమే మరి.

పోయినేడు హెలెన్‌కి కడుపు నిలవలేదు. అప్పట్లో ఆమె కొండపల్లి నుంచి రోజూ బండి మీద సిటీలో బెంజ్ సర్కిల్ దగ్గర కళ్ళజోళ్ళ షాపుకి ఉద్యోగానికి వెళ్ళేది. “ఆ గతుకుల్లో బండి నడిపావు, బిడ్డ జారిపోయింది” అంది అత్తగారు. హెలెన్ నమ్మింది. బండి అమ్మేసింది, ఉద్యోగం మానేసింది. నా బిడ్డను నేనే చంపుకున్నాను అనుకుంటూ ఏడాది గడిపింది. అలాంటిదాని కళ్ళముందు, పెళ్ళై ఆర్నెల్లు కాని శాలినికి ఇన్ని సేవలు జరుగుతుంటే కడుపు మండదా? ఆమేమీ దేవదూత కాదు కదా!

ఆ రోజు శాలినికి స్కాన్. మరిది యేసుకుమార్‌కి థర్మల్ స్టేషన్‌లో డ్యూటీ, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. తోడు వెళ్ళడం హెలెన్‌కి తప్పలేదు. ఆటోలో దారి పొడుగునా శాలిని పుట్టబోయేవాళ్ళకి పేర్లు వెతికింది. హెలెన్ బయటికి చూస్తూ కూర్చుంది.

స్కాన్ అయ్యాక డాక్టర్ ఎలిజబెత్ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పోయినేడు హెలెన్‌ని చూసింది కూడా ఆవిడే.

“శాలినీ, బిడ్డ గుండె కొట్టుకోవట్లేదమ్మా. ఏడో వారంలోనే ఎదుగుదల ఆగిపోయింది. మేమిద్దరు డాక్టర్లం చూసి ఖాయం చేసుకున్నాం.”

ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, హెలెన్ మనసు తేలికపడింది. ఇప్పుడు ఇద్దరం సమానం అనుకుంది. మరుక్షణం తనమీద తనకే అసహ్యం పుట్టింది.

“నేనేం చేశానండీ? మొన్న బిందె ఎత్తాను...” అంది శాలిని.

“బిందె వల్ల కాదు. బండెక్కినా, ఉద్యోగానికి వెళ్ళినా, ఇంట్లో పోట్లాడుకున్నా ఇలా పోదు. చాలాసార్లు బిడ్డ ఏర్పడేటప్పుడే జన్యువుల్లో తేడా వస్తుంది. అది ఎవరి చేతిలోనూ లేదు. నువ్వు చేసిన తప్పేమీ లేదమ్మా. దానంతటదే పోయేదాకా ఆగచ్చు, మాత్రలు వాడచ్చు, లేదంటే చిన్న ప్రొసీజర్ ఉంది. తొందరేం లేదు, ఆలోచించుకో. రక్తం మరీ ఎక్కువగా పోయినా, జ్వరం వచ్చినా మాత్రం వెంటనే రావాలి.”

హెలెన్ కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. ఈ ఓదార్పు కూడా శాలినికేనా?

“బండి వల్ల కాదా? మరి నాకెందుకు చెప్పలేదండీ?”

డాక్టరమ్మ తెల్లబోయింది. “ప్రొసీజర్ అయ్యాక నీకింకా మత్తు దిగలేదని, ఈ మాట మీ అత్తగారికి చెప్పానమ్మా. ఒకటికి రెండుసార్లు చెప్పాను. నేనే మళ్ళీ నిన్ను పిలిచి మాట్లాడాల్సింది. పొరపాటు నాదే.”

ఇంటికొచ్చి శాలినిని పడుకోబెట్టాక హెలెన్ అత్తగారి ముందు నిలబడింది. విషయం విని తెరేసమ్మ అప్పటికే ఏడుస్తోంది.

“అత్తయ్యా, బండి వల్ల కాదని డాక్టరమ్మ మీకు చెప్పిందా లేదా?”

తెరేసమ్మ ఏడుపు ఆగింది. “చెప్పింది” అంది.

“ఏడాది! ఏడాదిపాటు నన్ను హంతకురాలిలా బతకనిచ్చారు!”

“ఎవరి తప్పూ లేదంటే ఇంకోసారి పోకుండా ఎలా ఆపుకుంటామే? దేవుణ్ణి ఆపగలనా? బండినైతే ఆపగలను. నువ్వింట్లో ఉంటే ఈసారన్నా నిలుస్తుందనుకున్నా. నీ మీద కోపంతో కాదు తల్లీ, భయంతో.”

“మీ భయాన్ని నా నెత్తిన పెట్టారు.”

తెరేసమ్మ మోకాళ్ళు పట్టేస్తున్నా గోడ పట్టుకుని లేచి, పెద్దకోడలి రెండు చేతులూ పట్టుకుంది. “తప్పయిపోయిందమ్మా. రేపే షాపువాళ్ళకి ఫోన్ చెయ్యి” అంది. హెలెన్ చేతులు వెనక్కి తీసుకోలేదు. అలాగని క్షమించాననీ అనలేదు.

గుమ్మంలో అలికిడైంది. శాలిని నిలబడి ఉంది. మాటలన్నీ విన్నట్టుంది.

హెలెన్ ఇక దాచలేకపోయింది. “నిన్ను చూసి కుళ్ళుకున్నాను శాలినీ. ఇందాక డాక్టరమ్మ చెప్పినప్పుడు కూడా... ఒక్క క్షణం...”

శాలిని మొహం పాలిపోయింది. ఆమె వెళ్ళిపోతుందనుకుంది హెలెన్. శాలిని వెళ్ళలేదు. మెల్లగా వచ్చి, హెలెన్‌ని కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది.

“నీ కుళ్ళు వల్ల కూడా కాదక్కా. డాక్టరమ్మ చెప్పింది కదా” అంది. తర్వాత, “నీకెన్ని వారాలు?” అని అడిగింది.

ఏడాదిగా హెలెన్‌ని ఆ మాట అడిగినవాళ్ళే లేరు.

“తొమ్మిది. తొమ్మిది వారాల రెండు రోజులు” అంది. అని, శాలిని ఒళ్ళో తలపెట్టి, పోయిన తన బిడ్డ కోసం మొదటిసారి ఏడ్చింది.