నల్లకారు వెనక తలుపు

పిల్లలూ, ఈ సంగతి మీకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పనివ్వలేదు. మనం అందరికీ ఇంత దూరంగా ఉన్నాం కదా, అది మనదాకా రాదులే అనుకున్నాను. ఇప్పుడు చెప్పక తప్పడం లేదు.

మా చిన్నాన్న, ఆయన అక్క మొగుడు కలిసి కార్లకి మెరుగు పెట్టే షాపు నడిపేవాళ్లు. అక్క మొగుడంటే నాకు మామయ్య. కలిసి అన్న మాట పేరుకే. ఇద్దరికీ క్షణం పడేది కాదు. వీడికి మెరుగు పెట్టే మిషను ఇవ్వడం కంటే దాన్ని గోడకి తగిలించుకోవడం నయమని మామయ్య నలుగురి ముందూ అనేవాడు. చిన్నాన్న నవ్వేసేవాడు. నవ్వి, ఆ మాటని కడుపులో దాచుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం కొత్త నల్లకారు వచ్చింది. షోరూము నుంచి నేరుగా. నలుపు మహా చెడ్డ రంగు, గుడ్డతో గట్టిగా తుడిచినా గీత చూపిస్తుంది. దీనిమీద ఒక్క మరక మిగిలినా రేపట్నుంచి షాపు గుమ్మం తొక్కొద్దని మామయ్య ముందే చెప్పేశాడు. చిన్నాన్నకి వేరే పని చేతకాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కడిగారు. రబ్బరు అంచులకి టేపు వేశారు. షట్టరు దించి ఫ్యాన్లు ఆపేశారు, నీళ్లు అంటకుండా చివర్న వేసే పూత ఆరేలోగా దుమ్ము పడకూడదని. పూతకి ముందు లైట్లన్నీ తీసేసి, టార్చి ఏటవాలుగా వేసి చూస్తారు. సన్నగీతలు అప్పుడే బయటపడతాయి. టార్చి పట్టుకున్నవాడు "సరే" అంటేనే పూత. ఒకసారి పూత ఆరిందంటే కిందున్నది కిందే ఉండిపోతుంది.

చిన్నాన్న మిషను పట్టాడు, మామయ్య టార్చి వేశాడు. వెనక తలుపు మీద నాలుగు వేళ్ల జాడ.

నీ జిడ్డుచేతులే అన్నాడు మామయ్య. చిన్నాన్న మళ్లీ రుద్దాడు. ఈసారి బొటనవేలు కూడా కనిపించింది. ఇంకోసారి రుద్దాడు. అరచెయ్యి మొత్తం తేలింది. అంత రుద్దితే రేకు వేడెక్కాలి. మంచుముక్కలా ఉంది. రంగు మందం కొలిచే మీటరు పెట్టాడు. రుద్దితే రంగు తరగాలి కదా... పెరిగింది.

మూసిన గదిలో తడిమట్టి వాసన మొదలైంది.

మామయ్య మిషను లాక్కుని టార్చి చిన్నాన్న చేతిలో కుక్కాడు. "చూసి నేర్చుకో. నీ బతుక్కి ఇదొక్కటన్నా రావాలిగా."

లైట్లు ఆరాయి. మిషను గుయ్యిమంటోంది. చిన్నాన్న టార్చి వేశాడు. మామయ్య వంగి రుద్దుతున్నాడు. తలుపులో కనిపిస్తున్న మామయ్య నీడ మాత్రం రుద్దడం లేదు. నిటారుగా నిలబడి ఉంది. చిన్నాన్ననే చూస్తోంది.

ఆ చెయ్యి... లోపల్నించి కదిలింది. ఆవిరి పట్టిన అద్దాన్ని అవతలివైపు నుంచి తుడిచినట్టు.

మిషను ఆగింది.

"ఏరా... పోయిందా?" చీకట్లో మామయ్య గొంతు.

పోలేదు. అయిదు వేళ్లూ విప్పుకుని ఉంది. "బావా, ఇవతలికి రా" అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అప్పుడే మరో ఆలోచన వచ్చింది. కారు ఆసామి ఎదుట ఈ మరకతోనే నిలబడనీ. ఈసారి మిషను పట్టింది ఎవరో చూద్దాం.

"సరే బావా. మెరిసిపోతోంది. పూత వేసెయ్" అన్నాడు.

టార్చి ఆరిపోయింది. తను నొక్కలేదు. చీకట్లో సీసా మూత తిప్పిన చప్పుడు... మెత్తగా ఏదో పులుముతున్న చప్పుడు... చాలాసేపు. బావా అని పిలిచాడు.

తడుముకుంటూ వెళ్లి లైటు వేశాడు.

తలుపు తళతళలాడుతోంది. మరక లేదు. పక్కన మామయ్య, చేతిలో ఖాళీ సీసా. మెల్లగా తల తిప్పి, "బాగా చేశావు నాన్నా" అన్నాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన నోట్లోంచి ఒక్క మంచిమాట విననివాడు చిన్నాన్న.

సాయంత్రం కారు వెళ్లిపోయింది. రాత్రి చిన్నాన్నకి మా మేనత్త దగ్గర్నుంచి ఫోను. గుసగుసగా మాట్లాడింది.

"ఒరే తమ్ముడూ, మీ బావ షవరు కింద నిలబడి గంటయింది. ఎన్ని నీళ్లు పడినా ఒళ్లు తడవట్లేదురా... పూత పూసిన కారు మీద జారినట్టు, బొట్లుబొట్లుగా జారిపోతున్నాయి."

మామయ్య ఇప్పటికీ ఉన్నాడు. అందరితో తియ్యగా మాట్లాడతాడు. మొన్న నాకు ఫోను చేసి, పిల్లలు ఏ బడికి వెళ్తున్నారని అడిగాడు. నేను చెప్పలేదు. నిన్న ఆయనే ఆ బడి పేరు చెప్పి, గేటుకి నల్లరంగు ఈమధ్యే వేశారటగా, అన్నాడు.

ఆ గేటు మీద చెయ్యి వెయ్యకండి. ఈ కథ మీ స్నేహితులకీ చెప్పండి. ఇవాళే చెప్పండి.