పక్క గుమ్మం దాకా తాడు

అమెరికాలోని ఇర్వింగ్‌లో ఇండియన్ కిరాణా కొట్టుకీ, కనుబొమలు దిద్దే సెలూన్‌కీ మధ్య ఇరుక్కున్న ఒక చిన్న గది ఉంది. తలుపు మీద 'కృష్ణకుమారి, ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్' అని రాసి ఉంటుంది. ఇరవై ఏళ్ళపాటు ఇన్సూరెన్స్ కంపెనీల కోసం దొంగ క్లెయిములు పట్టిన మనిషి ఆమె. ఎదుటివాడు అబద్ధం చెబుతుంటే మధ్యలో ఆపదు. పూర్తిగా చెప్పనిచ్చి, ఆ తర్వాత రెండోసారి చెప్పమంటుంది. ఆ ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందో ఆమె అసిస్టెంట్ శశికాంత్‌కి ఇప్పటికీ అంతు చిక్కలేదు.

మంగళవారం పొద్దున్నే వచ్చిన గౌరి చేతిలో ఒక కవరు ఉంది. ఆమెకి యాభై రెండేళ్ళుంటాయి. భర్త పోయాక డేకేర్‌లో పసిపిల్లల్ని చూసుకుంటూ, రెండో అంతస్తులో ఒక గది అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉంటోంది.

"గురువారం తొమ్మిదింటికి హౌసింగ్ ఆఫీసుకి రమ్మన్నారండీ. ఆ రోజు నా మాట నమ్మకపోతే వోచర్ తీసేస్తారు. అది పోతే నెల తిరిగేసరికి నాకు ఇల్లుండదు."

వోచర్ అంటే ప్రభుత్వ సాయం. గౌరి అద్దెలో పెద్ద భాగాన్ని హౌసింగ్ ఆఫీసు నేరుగా అపార్ట్‌మెంట్ వాళ్ళకి కడుతుంది. ఆరేళ్ళు వెయిటింగ్ లిస్టులో ఉంటే వచ్చింది. దానికి షరతులున్నాయి. ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారో ఒక్క పేరు కూడా దాచకుండా చెప్పాలి. గౌరి ఒంటరినని రాసిచ్చి, దొంగచాటుగా ఒక మగమనిషిని ఇంట్లో పెట్టుకుందని ఎవరో పేరు లేకుండా ఫిర్యాదు చేశారు. సాక్ష్యంగా మూడు ఫోటోలు పంపారు.

కృష్ణకుమారి వాటిని బల్ల మీద పరిచింది. మూడింటిలోనూ గౌరి తలుపు, 214. తలుపు పక్కన మగవాళ్ళ తోలు చెప్పుల జత. కుడి చెప్పు బొటనవేలి పట్టీకి నల్లదారంతో కుట్టు. నేల మీద చాక్‌పీసుతో వేసిన రథం ముగ్గు. రథానికి కట్టిన తాడు ఫోటో అడుగు అంచు దాకా వచ్చి తెగిపోయింది. ఒకదానిలో ఉదయపు వెలుగు, ఒకదానిలో మధ్యాహ్నం, ఇంకొకదానిలో సాయంత్రపు నీడలు. కింద తేదీలు టైపు చేసి ఉన్నాయి: నవంబర్ పది, డిసెంబర్ ఎనిమిది, జనవరి పన్నెండు.

"ఈ చెప్పులెవరివి?"

"ఎప్పుడూ చూళ్ళేదండీ. నేను పొద్దున ఏడింటికి వెళితే మళ్ళీ వచ్చేది ఆరు దాటాకే."

"ముగ్గు రోజూ వేస్తారా?"

"రోజూ తడిగుడ్డతో తుడిచి కొత్తది వేస్తానండీ. అదొక్కటే నాకు మిగిలిన సరదా."

"మీ పనులకి తోడు ఎవరున్నారు?"

"ఎదురింటి చక్రధర్ గారున్నారు. వోచర్ కాగితాలన్నీ ఏటా ఆయనే ఆన్‌లైన్‌లో నింపిపెడతారు. నా సొంత తమ్ముడైనా అంత చెయ్యడు."

ముగ్గురూ కార్లో గౌరి ఉండే చోటికి బయల్దేరారు. హైవే ఎక్కగానే శశికాంత్ తన అనుమానం బయటపెట్టాడు.

"ఆ అపార్ట్‌మెంట్లు అద్దెకిచ్చే లీజింగ్ ఆఫీసు మేనేజర్ పనే మేడమ్. వోచర్ వాళ్ళంటే వాళ్ళకి పడదు."

"చెప్పుల్ని మళ్ళీ చూడు. తలుపు దగ్గరంతా ముగ్గే. అవి దాన్ని ఎక్కడైనా తాకాయా?"

హైవే దిగాక సిగ్నల్ దగ్గర శశికాంత్ కవర్లోంచి ఫోటో పైకి తీసి చూశాడు. తాకలేదు. గోడవారన ఉన్న జానెడు ఖాళీలో వంకరగా ఇరికించి ఉన్నాయి.

లీజింగ్ ఆఫీసులో మేనేజర్ తెల్లావిడ. గౌరిని చూడగానే ఆమె మూతి ముడుచుకుంది.

"వోచర్ వాళ్ళని తీసుకోవద్దని మా పైవాళ్ళకి మొదటే చెప్పాను. వినలేదు. ఇప్పుడు చూడండి, మగవాళ్ళు, అబద్ధాలు. అది చాలక నడిచే దారి నిండా సుద్దగీతలు."

"గీతల మీద నోటీసు ఇచ్చారా?"

"ఇవ్వకుండా ఉంటానా?" మేనేజర్ ఫైల్లోంచి ఒక కాగితం లాగి బల్ల మీద పడేసింది. ఫిబ్రవరి నాలుగు, మంగళవారం, ఉదయం పది గంటల పది నిమిషాలు. కెమెరాయే తేదీ, టైము అచ్చేసిన ఫోటోలో ఒక రథం ముగ్గు ఉంది. చెప్పులు లేవు.

గౌరి సంతకం పెట్టి దానికి కాపీ తీసుకుంది. ఆ కాపీని కృష్ణకుమారి రెండు నిమిషాలు చూసి సంచిలో పెట్టుకుంది.

ఎదురింటి తలుపు తీసింది చక్రధర్ భార్య త్రివేణి. గౌరిని చూసి పలకరించలేదు.

"మేం రాత్రింబగళ్ళు చాకిరి చేసి టాక్సులు కడ్తం. పన్నెండేండ్ల నుంచి గ్రీన్‌కార్డ్ లైన్ల నిలబడ్డం. రేపు మా జాబ్ పోతే అరవై రోజుల్ల దేశం ఇడిచి పోవాలె. ఈమెకేమో గవర్నమెంట్ ఇల్లు చూపిస్తది. ఫిర్యాదు నేను చెయ్యలే, కానీ చేసినోళ్ళని తప్పు మాత్రం అనను."

గౌరి తల దించుకుంది. ఆ మాటకి శశికాంత్‌కి ఒళ్ళు మండింది.

లోపల సోఫాలో త్రివేణి మామగారు పరంధామయ్య ఉన్నాడు. కరీంనగర్‌లో టీచరుగా రిటైరైన పెద్దమనిషి. మాట్లాడే మనిషి దొరికితే చాలు, వదిలిపెట్టడు.

"జనవరి ఆఖర్ల దిగిన బిడ్డా. వచ్చినకాడికెల్లి చలే. బయటికి పోదామంటే ఒకనాడు నా చెప్పులే కనపడకపాయె. పొద్దుగూకినంక చూస్తే మళ్ళ ఆడ్నే ఉన్నయి. మతిమరుపని కోడలు నవ్వింది."

కృష్ణకుమారి గుమ్మం దగ్గరి చెప్పుల స్టాండు పక్కన ఒంగి షూ లేసు బిగించుకుంది. ఆ లేసు ఏమంత వదులుగా లేదని శశికాంత్ గమనించాడు.

చక్రధర్ హెడ్‌ఫోన్స్ తీసి వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, నెమ్మదైన గొంతు.

"అక్కకి ఇలా జరగడం చాలా బాధగా ఉందండీ. థర్స్‌డే నేనే వచ్చి అక్క తరఫున మాట్లాడతాను."

"మీరు రోజూ ఇంటినుంచేనా పని?"

"లేదండీ, ట్యూస్‌డే, థర్స్‌డే మాత్రమే. మిగతా రోజులు ఆఫీస్‌కి వెళ్ళాలి."

"థ్యాంక్స్," అంది కృష్ణకుమారి. "మళ్ళీ కలుద్దాం."

బుధవారం సాయంత్రం ఆమె అందరినీ లీజింగ్ ఆఫీసుకి పిలిచింది. మేనేజర్ గడియారం చూసుకుంటోంది. ఇక్కడికెందుకు రావాలని త్రివేణి రెండుసార్లు అడిగింది. ఎవరూ గౌరి పక్కన కూర్చోలేదు.

కృష్ణకుమారి నాలుగు ఫోటోలు వరసగా పెట్టింది. అందరికీ అర్థమయ్యేలా ఒక మాట ఇంగ్లీషులో, ఒక మాట తెలుగులో చెప్పుకుంటూ వెళ్ళింది.

"ఎడమవైపు రథచక్రం చూడండి. అక్కడ సిమెంటు పగిలింది. చాక్‌పీసు జారి, గీత బయటికి పోయింది. మూడు నెలల ఫోటోల్లోనూ అదే చక్రం, అదే జారిన గీత. రోజూ చెరిపి కొత్తగా వేసే ముగ్గు మూడు నెలలు ఒకేలా ఉండదు. ఇవన్నీ ఒక్కరోజు తీసినవి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి."

"ఏ రోజు?" మేనేజర్ ముందుకి వంగింది.

"ఆ రోజేదో మీరే రాసిపెట్టారు, ఫిబ్రవరి నాలుగని. నాలుగో ఫోటో మీదే. అందులోనూ ఆ గీత ఉంది. ఆ రోజు రథసప్తమి. గౌరిగారు రథం వేసేది ఏడాదికి ఆ ఒక్కరోజే."

మేనేజర్ తన నోటీసు వైపు వింతగా చూసింది.

"ఇక తీసిందెవరు? ఎవరో తెలియనివాళ్ళయితే చెప్పుల్ని ముగ్గు మీదే పడేసేవారు. ఈ మనిషి ఒంటరి ఆడమనిషి కొంప కూలుస్తూ కూడా ముగ్గు మీద చెప్పు పెట్టలేకపోయాడు. మనవాడే. కానీ రథం ముగ్గుని నవంబర్‌లో చూపిస్తే ఎవరైనా ప్రశ్నిస్తారని తట్టలేదు. ముగ్గు దాటడం నేర్చుకున్నాడు, చూడటం నేర్చుకోలేదు. అందుకే మగవాడనుకున్నాను."

పరంధామయ్య కళ్ళజోడు సర్దుకుని ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. నల్లదారం కుట్టు మీద ఆయన వేలు ఆగింది.

"ఇది నేను కుట్టుకున్నదే," అన్నాడు మెల్లగా. "నవంబర్ల ఈ చెప్పులు కరీంనగర్‌ల ఉన్నయి."

త్రివేణి భర్త వైపు తిరిగింది.

"ఇంకొకటుంది," అంది కృష్ణకుమారి. "ఈ రథం తాడు. గౌరిగారూ, అది ఎక్కడిదాకా వేశారు?"

"మా వైపు రథానికి తాడు కట్టి పక్కింటి దాకా లాగుతామండీ. అందరూ కలిసి లాగుతున్నట్టు. ఎదురు గుమ్మం దాకా వేశాను."

"మూడు ఫోటోల్లోనూ తాడు ఫోటో తీసినవాడి కాళ్ళ దగ్గరికే వస్తోంది. తీసినవాడు ఆ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ మంగళవారం ఇంట్లో ఉన్నదెవరో నిన్న చక్రధర్ గారే చెప్పారు."

చక్రధర్ నెమ్మదైన గొంతు గరుకుగా మారింది.

"ఆ ముందురోజే మా రెంట్ పెంచుతూ లెటర్ వచ్చింది. ఆమెదీ మాదీ ఒకలాంటి ఇళ్ళే, అదే కార్పెట్. ఆమె ఫారం నింపింది నేను. ఎంత కడుతుందో నాకు తెలుసు. నాకు ఈ దేశంలో ఎవడైనా ఒక్క రూపాయి సాయం చేశాడా?"

"ఆవిడ రోడ్డు మీద పడితే మీ రెంట్ తగ్గేదా?" అని అడిగింది కృష్ణకుమారి.



గౌరి లేచి నిలబడింది.

"రేపు తొమ్మిదింటికి మీరు రండి. ఇక్కడ చెప్పిందంతా అక్కడ చెప్పండి."

"అక్కా, అది ఆఫీస్ రికార్డ్‌లోకి ఎక్కితే నా వీసా..."

"ఫోటోలు తీసేటప్పుడు నా ఇల్లు గుర్తొచ్చిందా మీకు?" అంది గౌరి. "నేను క్షమించనండీ. రేపు రండి."

అతను వచ్చాడు. వెంట పరంధామయ్య కూడా వచ్చి, కొడుకు మొత్తం చెప్పేవరకూ పక్కనే నిలబడ్డాడు. హియరింగ్ ఆఫీసర్ ఫిర్యాదు కొట్టేసింది. చక్రధర్ చెప్పింది మాత్రం చివరి అక్షరం దాకా రాసుకుంది. దాంతో ఏం చేస్తారో ఆమె చెప్పలేదు, గౌరి అడగలేదు.

శుక్రవారం పొద్దున్నే శశికాంత్ వోచర్ కొనసాగుతుందన్న ఉత్తరం కాపీ ఇవ్వడానికి వెళ్ళాడు. గౌరి మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు చుక్కల ముగ్గు వేస్తోంది. ఎదురు తలుపు తెరుచుకుని పరంధామయ్య బయటికి వచ్చాడు. ఆయన కాళ్ళకి చెప్పులు లేవు. అవి చెత్తడబ్బాలో వేశానని చెప్పి, ఇంకా ఏదో అనాలన్నట్టు అక్కడే ఉండిపోయాడు.

"వచ్చే ఏడు మళ్ళ రథం ఏస్తవా బిడ్డా?"

"వేస్తానండీ."

"తాడు?"

గౌరి చేతికంటిన సుద్ద దులుపుకుని తలెత్తి చూసింది.

"తాడు నా గుమ్మం దగ్గరే ఆపేస్తానండీ."