చుక్కి పెట్టెలో బల్బు

పొద్దున్నే పొయ్యి ముట్టించి, జొన్నరొట్టెల పిండి కలిపి, దేవమ్మ వసారాలోని చెక్కపెట్టె దగ్గరికి పోయింది. పెట్టెలో చుక్కల తాబేలు. దాని పేరు చుక్కి. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో దేవమ్మ కన్నా చుక్కికే పెత్తనం ఎక్కువ! పద్మ కన్నతల్లి అనంతగిరి జాతరకు పోయినప్పుడు దాన్ని కొంగులో పెట్టుకొని తెచ్చింది. ఆ మహాతల్లి పోయింది, తాబేలు మిగిలింది. పద్మ తండ్రి బీరప్ప దేవమ్మను రెండో పెళ్లి చేసుకొని తాండూరుకు తెచ్చాడు గానీ, ఎనిమిదేళ్ల పద్మ ఆమెను ఇంతవరకు ఏ వరసా పెట్టి పిలవలేదు.

పిలిపించుకోవాలని దేవమ్మ ఎన్ని తిప్పలు పడిందని! తల దువ్వుతానంటూ వెంట తిరిగింది. ముద్దలు నోటికి అందించింది. పద్మ తల పక్కకు తిప్పి పోయి చుక్కి పక్కన కూర్చునేది.

అది పుష్యమాసం. నేల మీది నాపరాళ్లు కాలు పెడితే జివ్వుమంటున్నాయి. ముసురు పట్టి ఎండ మొహం కనబడలేదు. చుక్కి తల బయటపెట్టడం మానేసింది, ఆకు ముట్టడం లేదు. ఆ యేడే గల్లీకి కరెంటు వచ్చింది కాబట్టి, దేవమ్మే మొగుడిని బతిమాలి పెట్టెలో ఒక పెద్ద బల్బు వేలాడదీయించింది.

ఆ పొద్దున దేవమ్మ స్విచ్ వేయగానే తాబేలు వీపు మీది పసుపుపచ్చ చుక్కలన్నీ మెరిశాయి. ఆకాశం ముక్క ఒకటి దారి తప్పి తమ వసారాలోకి వచ్చినట్టు పద్మ కళ్లార్పకుండా చూసింది. దేవమ్మ ఆ పిల్లనే చూస్తూ రొట్టెల సంగతి మరిచిపోయింది.

మధ్యాహ్నం వంటింట్లో ఉండగా వెంట్రుకలు కాలిన కమురు వాసన ముక్కుకు తగిలింది. దేవమ్మ ఒక్క పరుగున పోయి ముందు స్విచ్ ఆపింది. పెట్టె నిండా ఉన్ని గొంగడి కప్పి ఉంది! బల్బుకు తగిలిన చోట పొగ లేస్తోంది. లాగి పారేసేసరికి బల్బు జారి చుక్కి వీపు మీద పడింది. దేవమ్మ వట్టి చేత్తోనే ఆ బల్బును పట్టి అవతలికి నెట్టింది. అరచెయ్యి చుర్రుమంది.

"ఇల్లు తగలబెడ్తరా ఏంది!" అత్త ఈశ్వరమ్మ కేకలు పెట్టింది. "గొంగడి ఎవ్వరు కప్పిండ్రు?"

తలుపు మూలన పద్మ వణుకుతోంది. ఆ మొహం చూడగానే దేవమ్మకు అంతా తెలిసిపోయింది.

"నేనే కప్పిన, అత్తా."

"బాలింత అనుకున్నవా దాన్ని? నెత్తిల గుజ్జుందా లేదా?"

బువ్వకు ఇంటికొచ్చిన బీరప్ప మాడిన గొంగడిని చూసి మండిపడ్డాడు. "గీ తాబేలుతోని మస్తు పరేషాన్ అయితున్నది. రేపు అనంతగిరికి పోయి అడవిల ఇడిసి వస్త."

పద్మ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదని దేవమ్మకు అనిపించింది.

తెల్లారేసరికి ముసురు విడిచింది. వాకిట్లో ఎండ పడింది. పద్మ చుక్కిని తెచ్చి ఎండలో పెట్టి, దూరంగా ఉన్న దేవమ్మతో మెల్లగా అంది. "గొంగడి నేను కప్పిన. అమ్మ నాకు గట్లనే కప్పుతుండె. నువ్వెందుకు నీ మీదేసుకున్నవ్?"

"నువ్వు చలికని కప్పితివి. అది తప్పా, బిడ్డా?"

చుక్కి మెల్లగా తల బయటపెట్టింది. ఎండలో కాసేపు పడుకుంది. వేడెక్కగానే నీడలోకి నడిచింది. మళ్లీ వచ్చింది.

"సూడు," అంది దేవమ్మ. "మన ఒంట్ల వేడుంటది, గొంగడి కప్పితే ఆగుతది. దీనికి వేడి బయటినుంచే రావాలె. ఎక్కువైతే తప్పుకొని పోనీకి జాగా గూడ ఉండాలె."

ఆ మాట దేవమ్మకే తగిలింది. తానూ ఇన్నాళ్లూ వెంటబడి, తప్పుకోను జాగా ఇవ్వక, ఈ పిల్ల మీద గొంగడి కప్పుతూనే ఉంది కదా!

బీరప్ప సంచి పట్టుకొని వస్తే ఆమె అడ్డం నిలబడింది. "దాన్ని తీస్కపోవుడు లేదు. బల్బు పెట్టెల ఒక్క దిక్కే, జర మీదికి, గొలుసుతోని గట్టిగ కట్టు. దానికి తగలకుండ నడుమ ఇనుప జల్లెడ బిగియ్యి. రెండో దిక్కు సల్లగనే ఉండనియ్యి. బట్ట, గడ్డి దగ్గరికి రావొద్దు. పొద్దుగూకినంక నేనే ఆర్పుత."

"మళ్ల అంటుకుంటే?"

"నేను కావలి ఉంట. అది పిల్ల తల్లి గుర్తు. దాన్ని అడవిల ఎట్ల ఇడుస్తవ్?"

బీరప్ప సంచి మడిచి, సుత్తె వెతుక్కుంటూ పోయాడు.

సాయంత్రానికి పెట్టెలో ఒక దిక్కు పసుపుపచ్చ వెలుగు, ఒక దిక్కు చీకటి. చుక్కి ఆకు కొరుకుతోంది. దేవమ్మ అరుగు మీద అన్నం పెట్టుకొని కూర్చుంది. ఆ కొసన పద్మ. ఈసారి దేవమ్మ పిలవలేదు.

దేవమ్మ బొబ్బలెక్కిన కుడిచెయ్యి ముడుచుకొని ఎడమచేత్తో తంటాలు పడుతుంటే, పద్మ జరిగింది. ఇంకొంచెం జరిగింది. కంచం తన ఒళ్లోకి లాక్కొని పప్పు కలిపి ముద్ద చేసింది.

"నోరు తెరువు, అమ్మా," అంది.

దేవమ్మ నోరు తెరిచింది.