లైటు ఆరిన షాటు

పొద్దున్న కాఫీ అయినా తాగకముందే దర్శకుడు హాల్లో కుర్చీలు జరపడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఆయనకు జీవన సాఫల్య పురస్కారం ఇస్తున్నారు. వేదిక మీద చూపించడానికి ఇంటి దగ్గరే నాలుగు మాటలు రికార్డు చేసుకుంటామని టీవీవాళ్ళు వస్తున్నారు. వెనకాల షీల్డులన్నీ కనబడాలని ఆయన పట్టుదల. కుర్చీ ఎడమకు జరిపితే తల పెద్ద షీల్డుకు అడ్డం వస్తోంది, కుడికి జరిపితే కిటికీ వెలుగు కళ్ళల్లో పడుతోంది. భార్యనూ కూతురినీ మార్చి మార్చి కూర్చోబెట్టి చూసి, చివరికి కుర్చీని మొదట ఉన్నచోటే పెట్టించాడు. సెట్లో అయితే దీన్ని పర్ఫెక్షన్ అంటారు. ఇంట్లో చాదస్తం అంటారు.

భార్య షీల్డుల మీద దుమ్ము తుడుస్తూ ఉండిపోయింది. అన్నిటినీ తుడిచింది కానీ, మధ్య అరలో ఉన్న ఉత్తమ దర్శకుడి షీల్డును మాత్రం ముట్టుకోలేదు. దాన్ని ఎప్పుడూ పనిమనిషికే వదిలేస్తుంది.

ఒకప్పుడు ఆమె కూడా సినిమాల్లో పనిచేసిన మనిషే. కంటిన్యుటీ చూసేది. ముందు షాటులో కప్పు ఏ చేతిలో ఉంది, చొక్కాకి ఏ గుండీ ఊడి ఉంది, జుట్టు చెవి వెనక ఉందా ముందుకు పడిందా, ఇవన్నీ తర్వాతి షాటులోనూ అలాగే ఉండేలా చూడటం ఆమె పని. ఆ కళ్ళకు భయపడి యూనిట్లో అందరూ ఆమెకు డేగ అని పేరు పెట్టారు. దర్శకుడు ఆమెను ప్రేమించిందీ ఆ కళ్ళు చూసే, పెళ్ళయ్యాక అందరి ముందూ తిట్టిందీ ఆ కళ్ళనే.

టీవీవాళ్ళు వచ్చారు. లైట్లు పెట్టారు. యాంకర్ అమ్మాయి చలాకీగా ఉంది, సినిమాలన్నీ చూసే వచ్చింది. రెండు మూడు ప్రశ్నలయ్యాక, భార్య ఏది రాకూడదనుకుంటోందో అదే అడిగింది. ఆయన రెండో సినిమాలో తండ్రి కొడుకుతో అబద్ధం చెబుతాడు. చెప్పేటప్పుడు టేబుల్ లైటు వెలుగుతూ ఉంటుంది. మరుక్షణం షాటులో ఆరిపోయి ఉంటుంది. ఎవరూ స్విచ్ నొక్కరు. ఆ ఒక్క షాటు మీద విమర్శకులు పేజీలకు పేజీలు రాశారు. ఉత్తమ దర్శకుడి అవార్డు దానికే వచ్చిందని లోకమంతా అంటుంది.

"ఆ ఆలోచన మీకు ఎలా వచ్చింది సార్?"

దర్శకుడు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. ఆ కాసేపు కూడా ఎప్పుడూ ఉండేదే.

"మనిషి అబద్ధమాడిన గదిలో వెలుగు ఉండకూడదనిపించిందమ్మా. ఎవరో ఆర్పితే అది మామూలు లైటు. దానంతటది ఆరితే మనస్సాక్షి."

యాంకర్ అమ్మాయి పొంగిపోయింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్యకు చేతిలోని ట్రే విసిరికొట్టాలనిపించింది. ఆ మాటలు ఆమెకు కంఠతా వచ్చు. మొదట్లో ఒక పత్రికవాడికి నవ్వుతూ చెప్పాడు. తర్వాత విద్యార్థులకు పాఠంగా చెప్పాడు. ఇప్పుడు ఆయనే నమ్ముతున్నాడేమోనని ఆమె అనుమానం. ఈ సాయంత్రం ఇంత పెద్ద పురస్కారంతో పాటు ఆ మాట కూడా ఖాయమైపోతుంది. ఇక దాన్ని కదిపేవాళ్ళుండరు.

ఇంటిని బయట నుంచి తీయాలని కెమెరావాళ్ళు వీధిలోకి వెళ్ళారు. ఆయన వంటింట్లోకి వచ్చి, ఎలా వచ్చిందని అడిగాడు.

"సాయంత్రం నేను రావడం లేదండీ" అందామె.

ఒంట్లో బాగాలేదా అన్నాడు. బాగానే ఉందంది. మరేమిటన్నాడు.

"అబద్ధమాడినప్పుడల్లా లైటు ఆరేట్టయితే మన హాలు ఎప్పుడో చీకటైపోవాలి."

ఆయన మొహం మాడిపోయింది. ఆ పాత సంగతి ఇప్పుడెందుకు తవ్వుతావని గొంతు తగ్గించి కసిరాడు. దానివల్ల ఎవరికి నష్టం జరిగిందన్నాడు. కూతురు కూడా గదిలోంచి వచ్చి, నాన్నకు ఇంత పెద్ద రోజున ఈ గొడవేంటమ్మా అని విసుక్కుంది. ఆ విసుగుతో తల్లికి పుండు మీద కారం చల్లినట్టయింది.

"నీకు తెలియదు కదూ? అయితే విను. ఆ లైటు మీ నాన్న ఆర్పలేదు, మనస్సాక్షీ ఆర్పలేదు. భోజనాల విరామంలో ఎవరో ఆర్పేశారు. తిరిగి వెలిగించారో లేదో చూడాల్సింది నేను. చూడలేదు. ఆ రోజు నాకు ఒకటే కళ్ళు తిరుగుతున్నాయి. నువ్వు కడుపున పడ్డావని ఇంకా ఎవరికీ చెప్పలేదు."

కూతురు తల్లి దగ్గరికి వచ్చి నిలబడింది.

తీసిన రీళ్ళు యూనిట్ అంతా కలిసి చూస్తున్నప్పుడు తప్పు బయటపడింది. అప్పటికే సెట్ పీకేశారు, మళ్ళీ తీసే వీలు లేదు. అందరూ చూస్తుండగా ఆయన ఒంటికాలి మీద లేచాడు. నీ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావన్నాడు. రేపటి నుంచి రావద్దన్నాడు. అదంతా ఆమె కూతురికి చెప్పింది.

"నువ్వు పుడతావని నేను పని మానేశానని అందరూ అంటారు. నువ్వూ అదే అనుకుంటావు. నా తప్పుకు నన్ను గెంటేశారు. అదే తప్పుకు ఆయన్ను నెత్తిన పెట్టుకున్నారు. సరే, నా తప్పు నాదే. కానీ అవార్డు వచ్చాకైనా ఒక్కసారి రమ్మనవచ్చు కదా? ఎన్ని సినిమాలు తీశారు? పొద్దున్నే టిఫిను బాక్సు చేతికిచ్చి గుమ్మంలో నిలబడేదాన్ని. ఇవాళైనా పిలుస్తారేమోనని."

దర్శకుడు ఇల్లన్నాడు, పిల్లన్నాడు, ఆ రోజులే వేరన్నాడు. ఏదీ పూర్తిగా చెప్పలేకపోయాడు. కూతురు ఆయన వంక చూసింది. "నేను పెద్దదాన్నయ్యాక ఎందుకు పిలవలేదు నాన్నా?" అని నెమ్మదిగానే అడిగింది. ఆయన హాల్లోకి వెళ్ళిపోయాడు.

ఎప్పుడూ ఇంతే అనుకుంది భార్య. కోపమొస్తే తిడతాడు, తోచకపోతే లేచి వెళ్ళిపోతాడు. ఆమె కుళాయి తిప్పి కడిగిన కప్పులే మళ్ళీ కడగసాగింది.

హాల్లోంచి ఆయన గొంతు వినబడింది. వీధిలోంచి వచ్చి సామాను సర్దుకుంటున్న కెమెరావాళ్ళను ఆపుతున్నాడు. ఇంకోసారి తీయాలంటున్నాడు. అంతా బ్రహ్మాండంగా వచ్చింది సార్ అంటోంది యాంకర్ అమ్మాయి. రాలేదన్నాడు ఆయన. కూతురు తల్లి చేయి పట్టుకుని గుమ్మం దాకా తీసుకొచ్చింది.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. షీల్డులు కనబడుతున్నాయో లేదో చూసుకోలేదు. ఆ లైటు పొరపాటున ఆరిందని మొదలుపెట్టాడు. ఎవరి పొరపాటో, ఆ రోజు ఆమె ఎలా ఉందో, తాను ఏమని తిట్టాడో చెప్పాడు. మాటలు తడబడ్డాయి, రెండుచోట్ల వాక్యం తెగిపోయింది. ఎన్నో మైకుల ముందు గంటలు గంటలు మాట్లాడిన మనిషి, కొత్తగా నటించడానికి వచ్చినవాడిలా చెమటలు కక్కాడు.

యాంకర్ అమ్మాయి తెల్లబోయింది. అయినా చురుకైన పిల్ల కదా, అడగాల్సిందే అడిగింది.

"మరి మేడమ్‌ని మళ్ళీ ఎందుకు పిలవలేదు సార్?"

దర్శకుడు కెమెరాను వదిలేసి గుమ్మం వైపు తిరిగాడు.

"పిలుద్దామనే అనుకున్నాను. ఈలోగా ఆ షాటును అందరూ మెచ్చుకున్నారు. నేనూ మనస్సాక్షి అని ఏదో చెప్పేశాను. సెట్లో నువ్వు పక్కన నిలబడి ఉంటే, నీ కళ్ళ ముందు ఆ మాట చెప్పలేను. అందుకే నిన్ను ఇంట్లో ఉంచేశాను. నీ చేత తప్పు జరిగిందని కాదు. నాకు మొహం చెల్లక."

ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళూ తన కళ్ళ మీద ఆయనకు నమ్మకం పోయిందనుకుంది. ఆ కళ్ళకు భయపడ్డాడని ఎన్నడూ అనుకోలేదు. ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఎంత బతుకు బతికేదాన్నో అనిపించి, కోపమూ దుఃఖమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. కూతురు తల్లిని భుజాల చుట్టూ గట్టిగా పట్టుకుంది. దర్శకుడు కుర్చీలోంచి లేవలేక లేవలేక సగం లేచి, మళ్ళీ కూర్చుండిపోయాడు.

యాంకర్ అమ్మాయి ఇబ్బందిగా కదిలింది. "సార్, చివర్లో మీరు కెమెరా వైపు చూడలేదు. మాటలు కూడా కొంచెం తడబడ్డాయి. ఇంకొక్కసారి చెబుతారా?"

ఆయన బదులు చెప్పేలోపే భార్య కళ్ళు తుడుచుకుని ముందుకు వచ్చింది.

"వద్దమ్మా. ఈ టేక్ ఓకే. దీన్నే ఉంచండి" అంది.

తర్వాత, సాయంత్రానికి ఏం కట్టుకోవాలో చూసుకోవడానికి లోపలికి వెళ్ళింది.